నాబాలు: మౌఢ్యము, దోషము

హీబ్రూ వేదములో మూఢునికి పేరు ఒకటి కాదు. సామెతల గ్రంథమున ‘పెతీ’ అనువాడు లోకమెరుగని అమాయకుడు, వానికి నేర్పవచ్చును. ‘కెసీల్‌’, ‘ఎవీల్‌’ అనువారు హితవును పెడచెవిని పెట్టువారు. వీరికంటె దిగజారినవాడు ‘నాబాల్‌’. 14వ కీర్తనలో ఈ మాటకు తెలుగు బైబిలు ‘బుద్ధిహీనులు’ అన్నది. హిందీ బైబిలు ‘మూర్ఖ్‌’ అన్నది. రెండును తెలివిలేమిని సూచించునవే. కవి చెప్పదలచినది తెలివిలేమియేనా?

సమూయేలు మొదటి గ్రంథము 25వ అధ్యాయములో ఈ పేరుగలవాడే ఒకడు కలడు. మాయోను వాసియైన నాబాలునకు 3,000 గొఱ్ఱెలు, 1,000 మేకలు. ఇంత ఆస్తిని నిలుపుకొన్నవానిని తెలివిలేనివాడనుట కష్టము. ఉన్ని కత్తిరించు వేళ, అతని మందలను కాచిన దావీదు పదిమంది యువకులను పంపి ఆహారమడిగినాడు. దావీదెవడని నాబాలు ఈసడించినాడు. రొట్టె నాది, నీరు నాది, మాంసము నాది అన్నదే అతని వాదము. ఆకలిగొన్నవానికి అన్నము, దప్పిగొన్నవానికి నీరు లేకుండ చేయువాడే నాబాల్‌ అని యెషయా 32వ అధ్యాయము చెప్పును. 14వ కీర్తనలోను దేవుడు లేడనుకొనువాడు తార్కికుడు కాడు. తన్నడుగువాడు లేడను ధైర్యము గలవాడు.

ఈ మౌఢ్యము ఒకనితో ఆగదు. దావీదు 400 మందితో కత్తిగట్టి బయలుదేరినాడు. తప్పు యజమానిది, చావవలసినది ఇంటిలోని మగవారందరును. అడిగినది ఈయలేదని ఇంటిని నిర్మూలింపబూనిన దావీదు మాత్రము వివేకియా? నాబాలు భార్య అబీగయీలు రొట్టెలు, ద్రాక్షారసము, అత్తిపండ్ల అడలు గాడిదలపై వేయించి ఎదురేగి, నిరపరాధుల రక్తము అతని తలకు చుట్టుకొనకుండ ఆపినది. ఆ రాత్రి నాబాలు రాజువలె విందులో మత్తుడై యున్నాడు. మరునాడు సంగతి వినగానే గుండె రాయియైనది, పదిదినములకు మరణించినాడు.

కథ అక్కడ ముగిసినను మాట ముగియలేదు. ‘నాబాల్‌’ చేయు పనికి ‘నెబాలా’ అని పేరు. రెండవ గ్రంథము 13వ అధ్యాయమున దావీదు కుమార్తె తామారు, తన్ను బలాత్కరింపబోయిన అన్న అమ్నోనును ఆ మాటతోనే వారించినది. ఆ పని చేసినచో నాబాలులలో ఒకడవగుదువన్నది. అతడు వినలేదు. ఒకనాడు నాబాలుపై కత్తి దూసిన దావీదు, ఆ దోషము తన ఇంటనే జరుగగా కోపించెనేగాని కుమారుని దండింపలేదు.

కావున అనువాదకుడు ఇచట నిదానింపవలెను. బుద్ధిహీనుని చూచి జాలిపడుదుము. ‘కన్నుమిన్ను కాననివాడు’ అన్నచో కనగలిగియు కనలేదని తోచును, అట్టివానిని జవాబడుగుదుము. హీబ్రూ రచయితలు మననుండి కోరినది ఆ ప్రశ్ననే.