దూరదర్శన రూపకములు - ప్రసూతివైద్యము

ఆంగ్లభాషా దూరదర్శన రూపకములలోఁ గాన్పు ఘట్టము ప్రాయికముగా నొకే యచ్చున నుండును. ఉమ్మనీరు హఠాత్తుగాఁ బోవును, గర్భిణి కేకవేయును, క్షణములలో శిశువు చేతికి వచ్చును, అదియు నొకపాటి పెరిగిన శిశువు! వాస్తవమున నెలలు నిండినవారిలో నొప్పులకు ముందే యుమ్మనీరు పోవుట నూటికి 8 మొదలు 10 మందికే సంభవించును. తొలిచూలున నొప్పులు కుదిరిన పిదప గర్భద్వారము పూర్తిగా విచ్చుటకే సగటున 8 గంటలు పట్టును. రూపకకర్తలు శస్త్రముల పేళ్లను వైద్యుల నడిగి సరిచూచుకొందురు గాని యీ కాలమును లెక్కసేయరు.

1995 మార్చిలో అమెరికాయందుఁ బ్రసారమైన 'ఈ.ఆర్.' రూపకములోని 'లవ్స్ లేబర్ లాస్ట్' అను భాగము ప్రసిద్ధము. రచయిత లాన్స్ జెంటిలే స్వయముగా వైద్యుఁడు. ఈ రచనకు ఎమ్మీ బహుమానము నందెను. ఇందు గ్రీన్ అను అత్యవసర చికిత్సకుఁడు నిండుచూలాలి బాధను మూత్రకోశవ్యాధిగా నెంచి పంపివేయును. ఆమెకు మూర్ఛ వచ్చును. ఇది మనవారు గుఱ్ఱపువాతమనునదే. పిమ్మట శిశువు భుజములు చిక్కుకొనును, కడుపు కోసి శిశువును దక్కింతురు, తల్లి మరణించును. భుజములు చిక్కినపుడు తల్లి తొడలను గడుపువైపునకు వంచుట ప్రథమోపాయము, తలను మరల లోనికిఁ ద్రోసి శస్త్రము చేయుట కడపటిది. విడివిడిగా నిందొక్కటియు నసత్యము గాదు. ఇన్నియు నొక్క తల్లికే వచ్చుట మాత్ర మత్యంత విరళము. అయినను ఆ భాగము బలము శస్త్రమునందుఁ గాక మొదటి పొరపాటునం దున్నది. మూత్రమునఁ గనుపడు మాంసకృత్తు రెండు వ్యాధులకును గుఱుతు కావచ్చును. వైద్యుఁడు తేలికయైనదానిని నమ్మెను. ఇట్టి పొరపాటును నాయకునిపైఁ బెట్టుటకు రచయితకు వైద్యజ్ఞానమే గాక ధైర్యమును వలయును.

2012లో బి.బి.సి. ప్రారంభించిన 'కాల్ ది మిడ్‌వైఫ్' మార్గము వేఱు. దీనికి మూలము లండను తూర్పుభాగమున మంత్రసానిగాఁ బనిచేసిన జెన్నిఫర్ వర్త్ జ్ఞాపకములు. సాహిత్యమున మంత్రసానులకుఁ దగిన చోటు లేదని 1998లో టెర్రీ కోట్స్ వ్రాసిన వ్యాసమే ఆమెను రచనకుఁ బురికొల్పెను. ఆ కోట్సే పిదప రూపకమునకు సలహాదారయ్యెను. విమర్శ యొకటి గ్రంథమునకును, గ్రంథము రూపకమునకును దారితీసిన యిట్టి యుదాహరణము లరుదు. ఇందుఁ జేతుల పని కనుపడును: తల వెలువడునపుడు త్రోయక రొప్పుమని చెప్పుట, తల వేగమును జేతితో నాపుట. ఒక్క గంటలోఁ బెక్కు కాన్పులను జూపవలసివచ్చుటచే నిందును రాత్రియెల్లఁ గాచుకొనియుండు మంత్రసాని యోపిక కత్తెరపాలైనది. ఆ రాత్రిని నిడివిగాఁ జూపు రూపకము రావలసియున్నది.