సాగర్ నీళ్లకు ముందే వరి

యుద్ధం మీద తీసిన సినిమాల్లో తప్పులు వెతకడం నాకో వ్యసనం. రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ‘మ్యాష్’ (1970) కొరియా యుద్ధంలోని సైనిక వైద్యుల కథ. జనం అప్పుడు సాగుతున్న వియత్నాం యుద్ధాన్నే తలుచుకోవాలని ఆయన కొరియా పేరు ఎత్తకుండా లాక్కొచ్చాడు. స్టూడియోవాళ్లు కుదరదని తెర మీద కొరియా అని రాయించారు. అలాంటి సినిమాలో కాలం తప్పిందని గోల చేయడం దండుగ.

చిన్న తప్పులనూ పట్టించుకోను. కంటిన్యూటీ చూసే అసిస్టెంటు గొంగడి ఏ భుజం మీదుందో, చుట్ట ఎంత కాలిందో రాసి పెట్టుకుంటాడు. అయినా నవ్వు సరిగ్గా పేలిన టేకులో చుట్ట పొడుగ్గా ఉంటే ఎడిటర్ ఆ టేకే వాడతాడు. వాడాలి కూడా.

నా పట్టింపంతా 1948 నాటి కథలతో తీసిన మన సినిమాలతోనే. రజాకార్ల కథ రాగానే తుపాకీ ఏ కాలందని కొట్లాడేవాళ్లుంటారు. నేను దాని వెనకాల చేను చూస్తా. మిర్యాలగూడ దిక్కంటూ కనుచూపు మేరా వరి! నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955లో, కాలువలకు నీళ్లొదిలింది 1967లో. అంతకుముందు అక్కడ జొన్న, ఆముదం. వరంటే చెరువు కిందనో, బావి కిందనో. ఆ నీటి కరువు కనపడకపోతే లెవీ ధాన్యం గుంజుకుపోయినప్పుడు రైతుకు అంత కోపం ఎందుకొచ్చిందో ప్రేక్షకుడికి ఎట్లా తెలుస్తుంది? దొర చేతిలో జార్జి బొమ్మ రూపాయి పెట్టడం కూడా అట్లాంటిదే. నైజాంలో నడిచింది హాలీ సిక్కా. పోలీసు చర్య తర్వాత కూడా కొన్నేళ్లు చెల్లింది.

‘మా భూమి’ సినిమాలో నల్లగొండ పోరు కథను మెదక్ జిల్లా మంగళపర్తిలో తీశారు. దాన్ని తప్పనను. ఊరు మారినా బతుకు మారలేదు. కాలాన్ని పట్టించుకున్న సినిమాలూ ఉన్నాయి: బి.నర్సింగరావు ‘దాసి’ (1988)లో 1920ల నాటి గడీ బట్టలకు మిర్యాలగూడ కళాకారుడు సుదర్శన్‌కు జాతీయ అవార్డు వచ్చింది. చివరికి ఆయన పేరే దాసి సుదర్శన్ అయింది.

ఇప్పుడు గ్రాఫిక్స్‌లో కరెంటు స్తంభాలు చెరిపేస్తున్నారు. వరిని తీసేసి జొన్న పెట్టమన్న దర్శకుడు నాకింకా కనపడలేదు.