జకోపానెలో ఒక పగలు

పోలండు దక్షిణపు అంచున, తాత్రా పర్వతాల పాదాన ఉన్నది జకోపానె పట్టణం. క్రాకో నగరం నుండి సుమారు నూరు కిలోమీటర్లు. విద్యార్థి బృందాలు తరచుగా ఉదయం బయలుదేరి, రాత్రికి తిరిగివస్తూ ఉంటవి. క్రుపూఫ్‌కి వీధిలో విహారం. 1938లో ఏర్పడిన త్రాటిరైలు మీద గుబవూఫ్‌కా కొండ నెక్కడం. ఎదుట గ్యేవొంత్ శిఖర దర్శనం. పొగ పట్టించిన గొఱ్ఱెపాల చీజు కొనుక్కోవడం. తరువాత వ్రాసే వృత్తాంతంలోనూ ఇవే, ఇదే వరుసలో ఉంటవి. ఇందులో అసత్యం ఏమీ లేదు గాని, ఆ ఊరు కూడా లేదు. మన యాత్రారచనలలోనూ చాలా భాగం ఈ తరగతికి చెందినవే కనుక, ఆ ఒక్క పగటిని ఆధారంగా తీసుకొని ఈ ప్రక్రియను పరీక్షించడం అనుచితం కాదనుకుంటాను.

జకోపానె చాలావరకు వైద్యులూ, రచయితలూ, చిత్రకారులూ నిర్మించిన ఊరు. 19వ శతాబ్ది మధ్యలో అది పేద కాపరుల పల్లె. 1873లో కలరా వ్యాపించినప్పుడు వార్సా వైద్యుడు హవుబీన్‌స్కి అక్కడివారికి చికిత్స చేశాడు; తరువాత ఆ కొండగాలి గుణాన్ని దేశమంతటా చాటాడు. దేశమంటే రాజ్యం కాదు. పోలండును రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పంచుకొని అప్పటికే చాలా కాలమైనది. 1918 దాకా ఆ స్థితి మారలేదు. ఆస్ట్రియా ఏలుబడిలో కొంత స్వేచ్ఛ ఉండడం వల్ల మూడు భాగాల రచయితలూ ఈ పల్లెలో కలుసుకోగలిగారు.

వారిలో స్తానిస్వాఫ్ విత్‌క్యేవిచ్ చిత్రకారుడు, విమర్శకుడు. కొండవారి వడ్రంగంలో జాతీయమైన వాస్తుశైలి ఉన్నదని వాదించి, 1892-93లో 'కొలీబా' అనే ఇంటిని ఆ శైలిలో నిర్మింపజేశాడు. నేటి విద్యార్థి అనాది జానపద సంపద అనుకొని ఫోటో తీసుకొనే ఇళ్లలో అనేకం ఒక విమర్శకుని వాదానికి ఫలితాలు. ఇది తెలియనప్పుడు కన్ను చూచినది కూడా పొరపాటే అవుతుంది.

ఊరిలో ఆయనే రూపకల్పన చేసిన స్మారకం ఒకటి ఉన్నది. స్తంభం మీద హవుబీన్‌స్కి ప్రతిమ. దాని అడుగున కూర్చున్న ముసలి సబావా. ఈ సబావా (1809-1894) వేటగాడు, వాద్యకారుడు, కొండవారిలో పేరుమోసిన నోటి కథకుడు. షెంక్యేవిచ్ వంటి నవలాకారుడు ఆయన చెప్పిన కథను వ్రాసుకొని ప్రకటించాడు. చదువుకున్నవాడు పైన, కథ చెప్పినవాడు క్రింద. ఆ యుగసాహిత్యపు గుణమూ దోషమూ ఈ అమరికలోనే ఉన్నవి. కొండవాని మాటను లోకానికి వినిపించారు; అది గుణం. వినిపించినవారు మాత్రం పై మెట్టు దిగలేదు.

ఆ మెట్టు దిగడానికి ప్రయత్నించినవాడు కవి తెత్‌మయెర్. 1903-1910 సంవత్సరాల మధ్య వెలువడిన ఆయన కొండకథలు పొద్‌హాలె మాండలికంలో వ్రాసినవి. ఆ ప్రాంతంలోనే జమీందారీ కుటుంబంలో పుట్టినవాడు కనుక, ఆ పలుకు ఆయన చిన్ననాటి నుండి విన్నదే. ఇట్టి రచనను తెలుగు చేయదలచినవాడు పడే చిక్కు అనువాదకులందరికీ తెలిసినదే. శిష్టభాషలో పెడితే కాపరి పండితుడవుతాడు. శ్రీకాకుళం పలుకో పాలమూరు పలుకో పెడితే తాత్రా పర్వతాలు మన జిల్లాలకు వచ్చి కూర్చుంటవి. నాకు తోచినంతలో, ఏ జిల్లా ముద్రా లేని నోటిమాటల వాక్యనిర్మాణమే తక్కువ ద్రోహం చేసే మార్గం. ద్రోహం లేని మార్గం మాత్రం నాకు కనబడలేదు.

మనవాడు అక్కడికి పోతే మరొక ప్రమాదం ఉన్నది. సంగీతకర్త షిమనోవ్‌స్కి 1930 తరువాత కొన్నేళ్లు నివసించిన ఇంటి పేరు 'ఆత్మ'. ఇప్పుడది మ్యూజియం. మన మాట కనబడగానే మన సంస్కృతి దిగ్విజయాన్ని వర్ణించడానికి కలం ఉబలాటపడుతుంది. కాని ఆ ఇంటిలో వినవలసినది కొండవారి బాణీల నుండి పుట్టిన ఆయన 'హర్నాసీ' నృత్యరూపకం. మన మాటను మనమే విని తిరిగివచ్చేందుకు అంత దూరం పోనక్కరలేదు.

ఇక పాత శ్మశానవాటిక. విత్‌క్యేవిచ్ కుమారుడు, విత్‌కాత్సి అనే పేరుతో ప్రసిద్ధుడైన నాటకకర్త, సోవియట్ సేనలు పోలండులో ప్రవేశించిన మరునాడు, 1939 సెప్టెంబరు 18న, దేశపు తూర్పుభాగంలో ఆత్మహత్య చేసుకున్నాడు. 1988లో ఆయన అవశేషాలను ఘనంగా తెచ్చి, ఇక్కడ తల్లి సమాధిలో ఉంచారు. 1994లో పరీక్షించగా అవి ఒక యువతివని తేలింది. ఆమె ఎవరో ఎవరూ అడుగకుండానే ఆమెకు జాతీయ గౌరవం జరిగిపోయింది. ఫలకం మీద ఉన్నదాన్ని నకలు వ్రాసుకొని వచ్చే యాత్రికునికి ఇంతకు మించిన హెచ్చరిక ఉండదు.

1830-31లో మద్రాసు నుండి కాశీకి పోయివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య క్షేత్రాలతోపాటు దారులూ, నీళ్లూ, ధరలూ, జనుల ఆచారాలూ వ్రాశాడు. ఆయనకు పదిహేను నెలలు దొరికినవి. విద్యార్థికి ఒక్క పగలే. అయినా కాలం చాలలేదన్న సాకు నేను అంగీకరించలేను. స్మారకం ముందు నిలబడి, పైనున్నవాని పేరు చదివిన తరువాత, క్రింద కూర్చున్నవాడెవరని అడగడానికి ఒక్క నిమిషం చాలును. యాత్రారచన ఆ ప్రశ్నతో మొదలవుతుంది.