అరుగుదల ఇచ్చే సాక్ష్యం

పాత కాసులపేరు తెగగొట్టి పంచుకున్నాక అక్కచెల్లెళ్లకు తలా రెండో మూడో కాసులు వస్తాయి. ఆ వెనకే అనుమానమూ వస్తుంది. ఇది నిజంగా జార్జి రాజు కాలంనాటి సవరనేనా, ఎవరో అచ్చు చూసి చేసినదా? నాణేల మీద నాకున్న ఇష్టం తెలిసి అడగవచ్చే వాళ్లకు ముందుగా ఒక మాట చెబుతాను: అప్పుడే గీటురాయి మీద పెట్టించకండి. గీటు పడితే ఆ గాయం పోదు. పైగా గీటురాయి చెప్పేది బంగారం సంగతే, కాసు సంగతి కాదు.

బంగారం మేలిమిదై కాసు దొంగది కావచ్చు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత బ్రిటిష్ సవరనుకు అందులోని బంగారం విలువ కంటే ఎక్కువ ధర పలికేది. ఆ తేడాకు ఆశపడి ఇటలీలో, లెబనాన్‌లో 22 క్యారెట్ల బంగారంతోనే దొంగ సవరన్లు కొట్టారు. వాటిని నగల కొట్లో క్యారెట్ మీటరు కింద పెట్టినా 916 దగ్గరే చూపిస్తుంది.

అసలు సవరను 7.988 గ్రాములు తూగుతుంది, అడ్డం 22.05 మిల్లీమీటర్లు. చలామణీలో అరిగి 7.938 కంటే దిగితే ఆనాటి బ్రిటిష్ చట్టం దాన్ని చెల్లనిచ్చేది కాదు. కానీ మన కాసుల చరిత్ర వేరు. మెడలో పడి ఇంకా అరుగుతాయి, టంకంతో అతికిన కొక్కేల వల్ల బరువు పెరుగుతాయి కూడా. కొక్కెం లేని కాసైతే నీటి పరీక్ష మంచిది. సున్నితమైన కాటా మీద గ్లాసుతో నీళ్లు పెట్టి అంకె సున్నాకు తెచ్చి, కాసును దారానికి కట్టి అడుగు తగలకుండా ముంచాలి. కాసు బరువును అప్పుడు కనిపించిన అంకెతో భాగిస్తే పదిహేడున్నర చుట్టుపక్కల రావాలి. ఇత్తడి మీద పూత అయితే ఎనిమిదిన్నరకు అటూఇటూ ఆగుతుంది.

నేను అన్నిటికన్నా నమ్మేది మాత్రం భూతద్దాన్నే. ఈమధ్య ఒక చెల్లెమ్మ తన వాటాకు వచ్చిన 1918 నాటి కాసు తెచ్చింది. "అన్నయ్యా, గుర్రం మీది మనిషి మొహమే లేదు. దొంగదేమో" అంది. ఏళ్ల తరబడి కుంకుడు రసంతో తోమిన కాసు అది. రౌతు శిరస్త్రాణం, గుర్రం పిరుదు, వెనకవైపు రాజు చెంప నున్నగా అయిపోయాయి. కానీ డ్రాగన్ రెక్క మడతలో గీతలు ఇంకా పదునుగా ఉన్నాయి. అక్షరాల మొదళ్లు నిటారుగా ఉన్నాయి. ఎత్తుగా ఉన్నచోట అరిగి, పల్లంలో అరగకపోవడం నిజమైన వాడకానికి గుర్తు. అసలు కాసు నుంచి అచ్చు తీసి కొట్టినదైతే మెత్తదనం అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది, పల్లంలోనూ గీత తేలదు. ఖాళీ జాగాలో చిన్నచిన్న బుడిపెలూ లేస్తాయి.

ఆమె కాసులో ఇంకొకటి కూడా వెతికాను. 1918లో లండన్ టంకశాల సవరన్లు కొట్టలేదు. కాబట్టి ఆ ఏటి కాసు మీద ఏదో ఒక శాఖ అక్షరం ఉండాలి. గుర్రం కాళ్ల కింద, సంవత్సరానికి సరిగ్గా పైన, నేల గీత మీద సన్నగా 'ఐ' కనిపించింది. బొంబాయి గుర్తు అది. యుద్ధకాలంలో ఆ ఒక్క ఏడాదే బొంబాయిలో సవరన్లు ముద్రించారు, దాదాపు 13 లక్షలు. అక్షరాన్ని దొంగ అచ్చులోనూ దించవచ్చు కనుక అది ఒక్కటే చాలదు. డ్రాగన్ రెక్క, అక్షరాల మొదళ్లు, ఈ గుర్తు మూడూ ఒకే మాట చెప్పాకే నాకు నమ్మకం కుదిరింది.

కరిగించి కమ్మలు చేయించుకోవాలని వచ్చిందామె. వద్దని గట్టిగానే చెప్పాను. కొక్కెం ఊడదీయించవద్దన్నాను, మళ్లీ నిప్పు చూపిస్తే చుట్టూ ఉన్న ముద్ర చెడుతుంది. కుంకుడు రసం, బ్రష్షు కూడా ఇక వద్దన్నాను. మిగతా రెండు కాసులు వాళ్ల అక్క దగ్గర ఉన్నాయట, వచ్చేవారం తెస్తానంది.