పెదవి ఎత్తి చూస్తే

మొన్న మా చెల్లె మనవరాలిని చంకనేసుకొని వచ్చింది. "చూడక్కా, రెండేండ్ల పొల్ల. పొద్దున లేస్తే నోరు కంపు గొడుతున్నది. కడుపుల ఏమన్నున్నదా?"

కొత్తకోటలో ఏ వాసన వచ్చినా ముందు కడుపునే తిడతారు. వాము నీళ్లు, గ్రైప్ వాటర్ అన్నీ అయ్యాకే నోరు గుర్తొస్తుంది. చిన్నపిల్లల నోటి వాసన చాలామట్టుకు నోట్లోనే పుడుతుంది. కాదంటే ముక్కులో, గొంతులో.

ఇద్దరం ఎదురెదురుగా మోకాళ్లు ఆనించి కూర్చున్నాం. పిల్ల కాళ్లు అమ్మమ్మ నడుముకు అటూ ఇటూ, తల నా ఒడిలో. ఇట్లా పడుకోబెడితే ఎంత మొండి పిల్ల నోరైనా కనబడుతుంది. ఏడిస్తే ఇంకా మంచిది, నోరు తనంతట తనే తెరుస్తుంది. పై పెదవి ఎత్తాను. ముందరి పండ్ల మీద, చిగురు అంచున, సుద్దతో గీసినట్టు తెల్లటి గీత.

"రాత్రి సీసా ఇస్తున్నవా?"

ఇస్తున్నది. అల్లుడు, బిడ్డ పుణెలో బిల్డింగు పనికి పోయారు. పిల్ల అర్ధరాత్రి లేచి అమ్మ కావాలంటే అమ్మమ్మ దగ్గరున్నది చక్కెర కలిపిన పాలసీసా ఒక్కటే. వలస పోయిన పాలమూరు ఇండ్లలో ఇది మామూలే, అందుకని ఆమెను కోప్పడబుద్ధి కాలేదు. కానీ నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. నిలిచిన తీపిని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. కింది పండ్లను నాలుక కప్పి కాస్త కాపాడుతుంది, పైవి బలైపోతాయి. కురుమూర్తి జాతరలో తిన్న మిఠాయి కన్నా రోజూ రాత్రి నోట్లో ఉండే సీసాయే ఎక్కువ చెరుపు. తెల్లగీత దగ్గరైతే ఇంకా ఆపుకోవచ్చు. గోధుమ రంగు తిరిగి గుంట పడితే మాత్రం పండ్ల డాక్టరే దిక్కు.

"పాలపండ్లే గదక్కా, ఊడిపోయేటియే."

ముందరివి ఆరేడేండ్లకు ఊడతాయి, నిజమే. దవడ పండ్లు పదేండ్లు దాటేదాకా నమలాలి. 20 పాలపండ్లూ వచ్చేసరికి పిల్లకు రెండున్నర, మూడేండ్లు నిండుతాయి, తోమడం మాత్రం మొదటి పన్ను కనబడ్డ రోజునుంచే మొదలుపెట్టాలి. బూడిద, బొగ్గు, వేపపుల్ల మన పండ్లకు సరే, ఆ లేత చిగుళ్లకు వద్దు. మెత్తని చిన్న బ్రష్షు చాలు. రాత్రి పాలు తాగినాక తోమి, నాలుక మీద కూడా మెల్లగా ఒకసారి ఆడిస్తే పొద్దుటి కంపు సగం పోతుంది.

పేస్టు మాట ఎత్తగానే, అందులో ఫ్లోరైడ్ ఉంటుందని చెల్లె జంకింది. జంకు ఉత్తది కాదు. నల్లగొండ వైపు మర్రిగూడ ఊర్లలో ఫ్లోరైడ్ నీళ్లు పండ్లకు గార పట్టించాయి, ఎముకలు వంచాయి. పటిక, సున్నంతో ఆ నీళ్లను శుద్ధి చేసే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు నల్లగొండ పేరే పెట్టారు. ఆ పేరులో గర్వం కన్నా బాధే ఎక్కువని నాకెప్పుడూ అనిపిస్తుంది. లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగరాదు. మిషన్ భగీరథ నల్లా వచ్చినా బోరు నీళ్లే రుచి అనేవాళ్లున్నారు. అట్లాంటి ఇంట్లో ముందు నీళ్లు పరీక్ష చేయించాలి.

అయితే మింగిన ఫ్లోరైడ్ వేరు, పన్ను మీద రాసింది వేరు. రాసింది పన్నును గట్టిపరుస్తుంది. రెండేండ్ల పిల్ల చిగురు లోపల రేపటి పండ్లు తయారవుతుంటాయి, ఆ వయసులో అతిగా మింగితేనే వాటికి మచ్చలు పడతాయి. అందుకే మూడేండ్ల లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేండ్లదాకా బఠానీ గింజంత పేస్టు. టీవీ ప్రకటనలో బ్రష్షు నిండా పిండే తీరు పిల్లలకు పనికిరాదు. స్ట్రాబెర్రీ వాసన పేస్టునైతే పిల్లలు తోముకోరు, తింటారు. ట్యూబు పెద్దల చేతిలోనే ఉండాలి.

పండ్లు శుభ్రంగా ఉన్నా కంపు పోకపోతే ముక్కు చూడండి. ఒక్క ముక్కు రంధ్రం నుంచే చీమిడి, అదీ వాసనతో కారుతుంటే లోపల ఏదో ఇరికి ఉంటుంది. పల్లీ బద్దలు, సీతాఫలం గింజలు దొరికే ఊరు మనది. పిన్నీసుతో కెలక్కుండా చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. రాత్రంతా నోరు తెరుచుకొని గురక పెట్టే పిల్లనూ ఆయనకే చూపించాలి.

చెల్లె అంతా విని, చివరికి అసలు మాట అడిగింది. "సీసా గుంజుకుంటే రాత్రంతా ఏడుస్తది. నువ్వొచ్చి ఎత్తుకుంటవా?"

చక్కెర ఇయ్యాల్టి నుంచే బంద్, పాలల్లో రోజుకింత నీళ్లు పెంచుకుంటా పోయి చివరికి ఉత్త నీళ్ల సీసా ఇయ్యమన్నాను. ఏడిచే రాత్రులు పిల్లను మా ఇంట్లోనే పడుకోబెట్టమన్నాను.