'మునామదన్' కావ్యమున ప్రయాణనిర్ణయము

నేపాలీ మహాకవి లక్ష్మీప్రసాద్ దేవకోట (1909–1959) రచించిన 'మునామదన్' 1936లో వెలువడినది. ఝ్యావురే అను జానపదచ్ఛందమున నడచిన ఈ చిన్న కావ్యమును ధనమునకును ప్రేమకును నడుమ జరిగిన సంఘర్షణముగా, విధివిలాసముగా వ్యాఖ్యానించుట పరిపాటి. ఈ వ్యాఖ్య కావ్యాంతమునకు సరిపోవచ్చును గాని కావ్యారంభమునకు చాలదని మా అభిప్రాయము. ఇందలి విషాదమునకు బీజము ఖాట్మండులోని యింట, ప్రయాణము నిశ్చయమైన తీరులోనే పడినది.

కథ సంగ్రహముగా ఇది. అప్పులు తీర్చుటకై మదనుడు నాటి పొరుగుదేశమగు టిబెట్టునకు, లాసా నగరమునకు పయనమగును. ఇంట ముసలితల్లియు, పడుచుభార్య మునాయు ఉందురు. లాసా అందమునకు లోనై అతడు అనుకొన్న గడువు దాటించును. తిరుగుత్రోవలో కలరా సోకగా తోడివారు విడిచిపోవుదురు. ఒక భోటియా కాపాడును. ఇంతలో మునాపై కన్నువేసిన దుష్టుడొకడు మదనుడు మరణించెనని బొంకులేఖ పంపును. మునా ఆ దుఃఖముతో మరణించును. తల్లియు, తుదకు మదనుడును గతింతురు.

మునా పలుకులను కేవలము విరహవేదనగా చదువరాదు. లేమిలోనైనను కలిసి బ్రదుకుట మేలని ఆమె మొదట వాదించును. పోక తప్పనిచో తన్నును వెంట గొనిపొమ్మనును. మొదటిది అభ్యంతరము, రెండవది ఉపాయము. ఆమెను వెంట గొనిపోకుండుటకు మదనుడు చూపు కారణము తల్లి. అతడు పయనమగుటకు చెప్పు కారణములలోను తల్లి కోరికలే ముఖ్యములు. ఇట్లు ఒకే తల్లి రెండు వాదములకును సాక్షి యగుచున్నది. కాని ఆ సంవాదమున ఆమెకు మాట లేదు. నిర్ణయము కుటుంబముకొరకు జరిగినది, కుటుంబముచేత జరుగలేదు.

ఈ కావ్యమునకు మూలమని చెప్పబడు నేవారు జానపదగీతమును దీనితో పోల్చి చూడదగును. అందును టిబెట్టునకు పోవు వర్తకుడే నాయకుడు. కాని అందు కొత్తకోడలి మొర అత్తగారి చెవికి చేరుచున్నది. దేవకోట ఆ మొరను దంపతుల ఏకాంతమునకు తెచ్చి శృంగారకరుణములకు గాఢత కూర్చెను. అత్త పీఠమును మాత్రము ఖాళీచేసెను.

అప్పులవాని యింట ఆలోచనకు చోటెక్కడిదని ఆక్షేపింపవచ్చును. పోవలెనా వద్దా అను ప్రశ్నను దారిద్ర్యము తీర్చివేయునేమో. ఎవరు పోవలెను? ఎన్నాళ్ళకు రావలెను? ఆలస్యమైనచో ఇంటివారు ఎవరి మాట నమ్మవలెను? వీనిని దారిద్ర్యము తీర్చదు. ఈ చివరి ప్రశ్నకు ఇంట సమాధానము లేకపోవుటచేతనే బొంకులేఖ ఫలించినది. ఇంత చక్కగా నాటిన బీజమును కవి తుదివరకు పెంపక, మరణపరంపరతో భారమంతయు విధిపై వైచుట కావ్యమునందలి కొఱతయే.

రంగూనును మన ఉత్తరకోస్తా ప్రజలు 'రంగము' అనిరి. కూలికై సముద్రము దాటి అచటికి పోయిరి. ఆ వలసలను గూర్చిన గేయములను పరిశీలించు విద్యార్థులకు ఈ కావ్యము ఒక పద్ధతి చూపుచున్నది. విరహమును లెక్కించుటకు ముందు, పాటలో ఎవరు ఎవరితో మాటలాడుచున్నారో, ఎవరి పేరు మాత్రమే వినవచ్చి గొంతు వినరాకున్నదో గమనింపవలెను. ఇంటి నిర్ణయము ఎవరిదో అచటనే తెలియును.