ఐదో రోజు వచ్చే జవాబు

పెరుగు ప్యాకెట్ ఉబ్బి ఏజెంటు దగ్గర్నుంచి రిటర్న్ వచ్చిందంటే, డెయిరీ ల్యాబులో పనిచేసే మాకు మొదట తోచేది ఈస్టే. పెరుగులో మిగిలిన చక్కెరను తిని గ్యాస్ వదులుతుంది. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. కాబట్టి అది దాదాపు ఎప్పుడూ ఆ తర్వాత చేరిందే: ఫిల్లింగ్ మెషీన్ నాజిల్ నుంచో, గదిలో గాలి నుంచో. చాలా బ్యాక్టీరియాను అణిచే పులుపు ఈస్టునూ బూజునూ ఏమీ చేయదు. ఫ్రిజ్ చలికి అవి నెమ్మదిస్తాయి, అంతే.

నన్ను బాధించేది పరీక్షకు పట్టే కాలం. పాత పద్ధతిలో, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్ కలిపిన అగర్ జెల్లీ మీద శాంపిల్ వేసి 25 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచాలి. ఆ మందు లేకపోతే కోట్ల కొద్దీ ఉండే తోడు బ్యాక్టీరియా ప్లేటంతా కమ్మేస్తుంది. నమ్మదగిన పద్ధతే. కానీ ఐదో రోజు మేం కౌంట్ రాసేసరికి ఆ పెరుగు జనం తినేసి ఉంటారు. సరుకు జనం చేతికి చేరాకే సంగతి బయటపడడం కొత్త కాదు: 2013లో అమెరికాలో చొబాని అనే కంపెనీ యోగర్ట్ కప్పులు ఉబ్బి, కొందరు ఒంట్లో బాగాలేదని ఫిర్యాదు చేశాక సరుకును వెనక్కి తెప్పించారు. కారణం మ్యూకర్ సర్సినెల్లాయిడిస్ అనే బూజు.

ఇప్పుడు రెండు రోజుల్లో రంగు తేలే రెడీమేడ్ ఫిల్ములున్నాయి. అగర్ వండే పని లేదు, ఒక్క టెక్నీషియనే ఉన్న చిన్న డెయిరీకి కూడా సాధ్యం. పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష ఇంకా త్వరగా చెబుతుంది గానీ, చచ్చిన కణాల డీఎన్ఏను కూడా లెక్కలో వేసే ప్రమాదం ఉంది. పైగా మేం వెతికేది గ్రాముకు ఒకటో రెండో కణాల్ని. ముందు వాటిని పెంచితే తప్ప ఏ యంత్రానికీ చిక్కవు.

అందుకే తొందరంతా ప్యాకెట్ దగ్గర కాదు, నాజిల్ దగ్గర చూపించాలంటాను. కడిగిన వెంటనే స్వాబ్‌తో తుడిచి, కణాల్లోనూ ఆహారపు మిగులులోనూ ఉండే ఏటీపీ అనే పదార్థాన్ని కొలిచే మీటర్లో పెడితే నిమిషంలోపే అంకె వస్తుంది. అది ఈస్టో, పాల జిడ్డో ఆ మీటర్ చెప్పలేదు. కడగడం సరిపోలేదని మాత్రం చెబుతుంది. అప్పటికింకా ఒక్క ప్యాకెట్ కూడా నిండలేదు, మళ్లీ కడిగించవచ్చు. లోడు ఆలస్యమవుతోందని షిఫ్ట్ ఇన్‌చార్జి ఒత్తిడి చేసినా ఆ నిమిషం వదులుకోకూడదు. ఐదు రోజుల ప్లేట్లనూ మానొద్దు. వాటి కౌంట్లను మెషీన్ల వారీగా వారం వారం రాసుకుంటే ఏ నాజిల్ గాస్కెట్ మార్చాలో ఆ రిజిస్టరే చూపిస్తుంది.